జ్వరం వచ్చేదాకా

ఓటర్ల వరస గుమ్మం దాటి బయట వానలోకి సాగింది. లోర్నా స్కోగెన్ ఒక్కొక్కరి గుర్తింపు కార్డు చూసి, పుస్తకంలో పేరు వెతికి, సంతకం చేయించి, బ్యాలెట్ కాగితం చేతిలో పెడుతోంది. మధ్య మధ్య ఆమె చెయ్యి దానంతటదే బల్ల కింది సంచీలోకి పోతోంది. ఫోను తీసి చూస్తుంది. ఏమీ ఉండదు. మళ్ళీ లోపల పడేస్తుంది.

"ఏంటమ్మా, ఆ సంచీలో కోడిపిల్లని గానీ దాచావా?" అన్నాడు ఎదురుగా నిలబడ్డ ముసలి రైతు, టోపీ మీది నీళ్ళు దులుపుకుంటూ.

వెనకాల ఇద్దరు నవ్వారు. లోర్నా కూడా నవ్వినట్టు ముఖం పెట్టి ఆయన కాగితం ఆయనకిచ్చింది.

హోల్మ్ వ్యాలీ టౌన్ హాల్లో పదకొండేళ్ళుగా ఆమే పోలింగ్ పెద్ద. యాభై మూడేళ్ళ మనిషి. ఎవరికి ఓటేస్తుందో కట్టుకున్నవాడు బతికుండగా అతనికి కూడా చెప్పలేదు. బల్ల వెనక కూర్చున్నవాళ్ళకి పార్టీ ఉండకూడదని ఆమె నమ్మకం. పక్కన కూర్చున్న ఆర్డిస్ నోరు మాత్రం ఆపడం ఎవరి వల్లా కాదు. ఇంట్లో చేసిన ఓట్స్ బిస్కెట్లు డబ్బాలో తెచ్చి వచ్చినవాళ్ళందరికీ పెడుతోంది. మూడో మనిషి వెండెల్ ప్రూస్, డెబ్భై ఒక్కేళ్ళవాడు, పాత పాడి రైతు. ఓటేసిన కాగితాల్ని మిషన్లో పెట్టించడం ఆయన పని. ఆయన ఎవరి పక్షమో టౌన్ మొత్తానికి తెలుసు. 'ప్రతి ప్రాణమూ దేవుడిదే' అని రాసిన బోర్డు ఆయన పొలం గట్టు మీద పదిహేనేళ్ళుగా ఉంది. ఏటా వసంతంలో దానికి కొత్త రంగు వేస్తాడు.

ఆ ఏప్రిల్ మంగళవారం జనం వానలో నిలబడింది స్కూలు బోర్డు సభ్యుల కోసం కాదు. ఆ పేర్లు కాగితం మీద కింద ఎక్కడో ఉన్నాయి. అందరూ వచ్చింది ఒకే ఒక్క కుర్చీ కోసం. విస్కాన్సిన్ రాష్ట్ర సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీలు, అక్కడ వాళ్ళని జనమే ఓటేసి ఎన్నుకుంటారు. ఒకావిడ దిగిపోతోంది. మిగిలిన ఆరుగురూ అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఈ ఏడో మనిషి ఎటు వాలితే ఆ పాత చట్టం అటు. 1849లో రాసిన చట్టం అది. యాభై ఏళ్ళుగా అటక మీద పడి ఉండేది, అందరూ మర్చిపోయారు. కిందటేడు జూన్‌లో వాషింగ్టన్‌లోని పెద్ద కోర్టు, గర్భస్రావం హక్కు ఇచ్చిన తన తీర్పు తానే తిరగేసుకోగానే, దుమ్ము దులుపుకుని కిందికి దిగింది. గర్భం తీసేసిన డాక్టరుకి ఆరేళ్ళ జైలు. తల్లి ప్రాణం కాపాడటానికైతే తప్ప.

'తల్లి ప్రాణం కాపాడటానికైతే తప్ప.' ఆ ముక్క ఆదివారం నుంచీ లోర్నా బుర్రలో గిరగిరా తిరుగుతూనే ఉంది.

ఆదివారం పొద్దున ఆమె కూతురు మారెన్ చర్చికి వెళ్ళడానికి బట్టలు మార్చుకుంటూ ఉండగా ఉమ్మనీరు పోయింది. పదిహేడు వారాల ఐదు రోజులు. అంతకుముందు రెండు కడుపులు మూడో నెల కూడా నిలవలేదు. ఇది నిలిచింది. నాలుగో నెల దాటిందని పోయిన వారమే మారెన్ గుండెల నిండా గాలి పీల్చుకుని అందరికీ చెప్పింది. ఊయల కొనలేదు గానీ, ఏ కొట్లో ఎంతకి దొరుకుతుందో చూసి పెట్టుకుంది.

కౌంటీ ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కాన్ చేసింది. చిన్న వయసుది, కళ్ళ కింద నల్లగా ఉంది. చుక్క నీరు మిగల్లేదనీ, నీళ్ళు లేకుండా బిడ్డ ఊపిరితిత్తులు పెరగవనీ, బతికే దారి లేదనీ చెప్పింది. ఆ తరవాత మిషను శబ్దం పెంచింది. టక టక టక టక.

"గుండె కొట్టుకుంటోంది," అంది డాక్టరమ్మ. "కాబట్టి ఇప్పుడు నేనేమీ చెయ్యలేను."

"ఇప్పుడు అంటే?" అంది లోర్నా.

"జ్వరం వస్తేనో, రక్తం ఎక్కువగా పోతేనో వెంటనే రండి. అప్పుడు చెయ్యగలను."

"అంటే జ్వరం వచ్చేదాకా ఇంట్లో కూర్చోమంటారా?"

డాక్టరమ్మ తలుపు వైపు చూసింది. తలుపు మూసే ఉంది. అయినా గొంతు తగ్గించింది. "ఆసుపత్రి లాయర్లు ఒక కాగితం ఇచ్చారమ్మా మాకు. నా చేతిలో ఉంటే..." అని ఆగిపోయింది. కాస్సేపటికి ఏదో మామూలు మాటలా, "నది దాటితే మిన్నెసోటా. అక్కడి చట్టం వేరు," అంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

సోమవారం లోర్నా మిన్నెసోటా ఆసుపత్రికి ఫోన్ చేసింది. బుధవారం తొమ్మిదింటికి రమ్మన్నారు. మారెన్ మాత్రం సరే అనలేదు, కాదనీ అనలేదు. మంచం మీద పక్కకి తిరిగి పడుకుని, "గుండె కొట్టుకుంటోంది కదమ్మా. నా అంతట నేను వెళ్ళి ఎలా?" అంది.

మంగళవారం లోర్నా డ్యూటీకి వెళ్ళనంది. మారెనే పోరు పెట్టి పంపింది. "నువ్వు నా నెత్తి మీద కూర్చుని నిమిషానికోసారి నా నుదురు ముట్టుకుంటే నాకు పిచ్చెక్కేలా ఉందమ్మా. వెళ్ళు. గంట గంటకీ జ్వరం చూసి మెసేజ్ పెడతాను." అల్లుడు డేరిన్ పదింటిదాకా ఇంట్లోనే ఉంటాడు. అతను పాల ట్యాంకరు నడుపుతాడు. ఆవులకి సెలవులుండవు. పది నుంచి రెండు దాకా తిరగక తప్పదు, బదులు మనిషి దొరకలేదు. ఆ నాలుగు గంటలే మారెన్ ఒంటరిగా ఉండేది.

తొమ్మిదింటికి: 99.

పదింటికి: 99.4. 'డేరిన్ వెళ్ళాడు. టీ తాగాను.'

పదకొండింటికి: 100.1. 'దుప్పటి ఎక్కువైందేమో. కంగారు పడకు.'

'నూట ఒకటి దాటితే ఫోన్ చెయ్యి' అని లోర్నా జవాబు పెట్టింది. రెండుసార్లు తప్పు కొట్టి మళ్ళీ కొట్టింది.

వరస కదులుతూనే ఉంది. లోర్నా తలెత్తి ఒక్కో ముఖం చూస్తోంది. ఈమె పోస్టాఫీసులో ఉంటుంది. ఇతను స్కూలు బస్సు నడుపుతాడు. వీళ్ళందరికీ తనే చేతులారా కాగితం అందిస్తోంది. వాళ్ళు తెర వెనక్కి వెళ్ళి, తన కూతురు ఎంత జ్వరానికి వైద్యానికి తగినదవుతుందో గీత గీసి వస్తున్నారు. ఇంతకుముందెప్పుడూ ఓటుని ఆమె అలా చూడలేదు. రోడ్ల పన్ను లాంటిదేదో అనుకునేది.

ఇంకో సంగతి కూడా ఆమెని లోపల్నించి తొలుస్తోంది. మారెన్ పుట్టిన మరుసటి ఏడు, చర్చి నేలమాళిగలో కాఫీ తాగుతూ ఒక కాగితం మీద సంతకం పెట్టింది. గర్భస్రావాలు ఆపించే అభ్యర్థులనే గెలిపిస్తామన్న కాగితం. ఒళ్ళో ఏడాది పాప. ఎవరో చెడ్డ ఆడవాళ్ళ కోసం ఆ కాగితం అనుకుంది. ఆ తరవాత ఇరవై ఏళ్ళు, పెద్దగా ఆలోచించకుండా, అలాగే ఓటేసింది. చట్టం ఎలాగూ అటక మీద ఉందిగా, దానితో తనకేం పని అనుకుంది.

"ఏమ్మా," అంది ఎదురుగా ఒక నడివయసు ఆడమనిషి, కాగితం అటూ ఇటూ తిప్పుతూ. "ఈ ఇద్దరిలో పసిబిడ్డల పక్షం ఎవరు?"

"నేను చెప్పకూడదమ్మా. అభ్యర్థుల గురించి ఇక్కడ మాట్లాడకూడదు."

"అయ్యో, నాకు తెలీకే కదా అడుగుతున్నా! ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెప్పకూడదమ్మా," అంది లోర్నా మళ్ళీ, కాస్త గట్టిగా. వెండెల్ మిషను దగ్గర్నుంచి తల తిప్పి ఆమె వైపు చూశాడు.

పన్నెండైంది. మెసేజ్ రాలేదు.

పన్నెండు పది. లోర్నా ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. నిద్రపోయి ఉంటుంది అనుకుంది. ఒక కుర్రజంటని కొత్తగా ఓటర్లుగా నమోదు చేసింది. ఆ అమ్మాయి ఇంటి నంబరు ఒకటికి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. పన్నెండుంపావుకి మళ్ళీ ఫోన్. ఈసారి ఎత్తింది. మాట రాలేదు. పళ్ళు టకటక కొట్టుకుంటున్న చప్పుడు.

"మారెన్?"

"అమ్మా... చలేస్తోంది. బాత్రూంలో ఉన్నా. లేవలేకపోతున్నా."

"జ్వరం ఎంత?"

"నూట ఒకటీ... పాయింట్ ఎనిమిదో ఏదో. వాసన వస్తోందమ్మా."

లోర్నా లేచింది. కుర్చీ వెనక్కి పడింది. గదిలో అందరూ ఆమెకేసి చూశారు. మెడలో ఉన్న బ్యాడ్జి తీసి వెండెల్ దగ్గరికి నడిచింది.

"వెండెల్ గారూ, ఇది మీరు వేసుకోండి. నేను వెళ్ళాలి."

"ఏమైంది?"

ఏదో ఒకటి చెప్పి వెళ్ళిపోవచ్చు. పైపు పగిలిందనో, అల్లుడికి దెబ్బ తగిలిందనో. కానీ అబద్ధం అల్లే ఓపిక ఆమెకి లేదు. "మా మారెన్‌కి ఆదివారం ఉమ్మనీరు పోయింది. బిడ్డ బతకదు. గుండె కొట్టుకుంటోంది కాబట్టి మేం ముట్టుకోం అన్నారు ఆసుపత్రిలో. జ్వరం వచ్చాక రమ్మన్నారు. వచ్చింది."

పసిబిడ్డల పక్షం ఎవరని అడిగిన ఆవిడ ఇంకా తెర దగ్గరే నిలబడి ఉంది, పెన్ను చేతిలో పెట్టుకుని.

వెండెల్ ఆ బ్యాడ్జి అందుకున్నాడు. "బండిలో పెట్రోలుందా?" అన్నాడు.

"ఉంది."

"అయితే ఇంకా నిలబడ్డావేం? పో."

ఆర్డిస్ పరిగెత్తుకొచ్చి కోటు అందించింది. "లోర్నా, నువ్వింకా ఓటెయ్యలేదే! ఖాళీ చూసుకుని వేస్తానన్నావు. రెండు నిమిషాలు పట్టదు, వేసేసి వెళ్ళు."

లోర్నా ఒక్క క్షణం బ్యాలెట్ కట్ట వైపు చూసింది. తెరల దగ్గర ఆరుగురున్నారు. రెండు నిమిషాలు. ఆమె కోటు తొడుక్కుంటూనే బయటికి పరిగెత్తింది.

*

మారెన్ బాత్రూం గచ్చు మీద గోడకి జారబడి కూర్చుని ఉంది. పెదాలకి రంగు లేదు. చెంపలు మాత్రం ఎర్రగా కాలిపోతున్నాయి. లోర్నా ఆమె చంకల కింద చేతులు వేసి లేపింది. పిల్ల తనకన్నా జానెడు పొడవు. అయినా ఎలా లేపిందో, మెట్లు ఎలా దింపిందో తరవాత ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. వెనక సీటు మీద తువ్వాళ్ళు పరిచి పడుకోబెట్టింది.

కారు స్టార్ట్ చేసి కౌంటీ ఆసుపత్రికి ఫోన్ కలిపింది. ఇరవై నిమిషాల దారి అది. నర్సు ఎత్తింది. లోర్నా అంతా చెప్పింది.

"తీసుకురండమ్మా, చూస్తాం," అంది నర్సు.

"వచ్చిన వెంటనే చేస్తారా? ఇప్పుడు జ్వరం ఉందిగా?"

"డాక్టరుగారు చూడాలమ్మా. ముందు స్కాన్ చేస్తారు. ఇంకో ఇద్దరు డాక్టర్లు సరే అనాలి. ఒకరు ఇవాళ ఇక్కడ లేరు, ఫోన్లో..."

"ఎంతసేపు పడుతుంది?"

"నేను చెప్పలేనమ్మా," అంది నర్సు. పాపం, ఆ గొంతులోనూ ఏడుపుంది.

రోడ్డు చివర రెండు బోర్డులు. కుడికి తిరిగితే కౌంటీ ఆసుపత్రి. ఎడమకి తిరిగితే నది, వంతెన, మిన్నెసోటా. ఆ పెద్దాసుపత్రికి గంటా పది నిమిషాలు, అదీ వాన లేకపోతే. లోర్నా అక్కడ బండి ఆపేసింది. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. దగ్గరిది వదిలేసి దూరం తీసుకెళ్తే దారిలో ఏమైనా అయితే? దగ్గరిదానికి తీసుకెళ్తే, వాళ్ళు ఫోన్లలో మాట్లాడుకునే లోపల ఏమైనా అయితే? ఏ తల్లీ వేసుకోకూడని లెక్క అది. ఆమె చేతులు స్టీరింగ్ మీద ఎటూ తిరగకుండా బిగుసుకుపోయాయి.

వెనక నుంచి మారెన్ గొంతు వినిపించింది. సన్నగా, కానీ తడబడకుండా.

"అమ్మా, అవతలికి పద."

"చాలా దూరమే తల్లీ."

"ఇక్కడికి పోతే మళ్ళీ ఆ శబ్దం వినిపిస్తారు. గుండె శబ్దం. నేను మళ్ళీ వినలేను. పద."

లోర్నా ఎడమకి తిప్పింది.

దారి పొడుగునా కూతుర్ని మాట్లాడిస్తూనే ఉంది. ఏం మాట్లాడిందో ఆమెకే తెలీదు. మూడో తరగతిలో మారెన్ పెంచిన దూడ పేరేమిటి? డేరిన్ మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు బూట్లు విప్పకుండా తివాచీ మీద నడిస్తే నాన్న ఏమన్నాడు? మొదట్లో మారెన్ జవాబులు చెప్పింది. తరవాత 'ఊఁ' అంది. తరవాత అదీ లేదు.

"మారెన్! దూడ పేరేంటే?"

జవాబు లేదు.

"మారెన్!"

"...బిస్కట్. అరవకమ్మా. చెప్పాగా."

వాన వడగళ్ళ వాన అయింది. వంతెన మీద గాలి కారుని పక్కకి నెడుతోంది. కింద నది ఎక్కడుందో కనపడటం లేదు, అంతా బూడిద రంగు. ముందు వెళ్తున్న లారీ వెనక ఎర్ర దీపాలే దారి. వంతెన సగం దాటాక ఒక చిన్న బోర్డు వెనక్కి పోయింది. రాష్ట్రం మారింది. వాన మారలేదు, రోడ్డు మారలేదు. లోర్నా మాత్రం అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలి, ఒక చేత్తో ఆసుపత్రి నంబరు కొట్టింది. "బుధవారం రమ్మన్నారు. ఇవాళే వస్తున్నాం. నూట రెండు దాటింది. సరిగ్గా పలకడం లేదు."

"ఎంత దూరంలో ఉన్నారు?"

"నలభై నిమిషాలు."

"గుమ్మం దగ్గరే ఉంటాం. రండి."

నిజంగానే గుమ్మం దగ్గర ఉన్నారు. ఇద్దరు మనుషులు చక్రాల మంచంతో వడగళ్ళలో నిలబడి ఉన్నారు. లోపల ఒక నడివయసు డాక్టరు మారెన్ మీదికి వంగి, "మారెన్, నా పేరు జుడిత్. నీ ఒంటికి విషం ఎక్కుతోంది. కాన్పు ఇప్పుడే చేసేస్తే నయమవుతుంది. బిడ్డ బతకదు. నీకు సమ్మతమేనా?" అని అడిగింది. మారెన్ తలూపింది. "నోటితో చెప్పు తల్లీ." "సమ్మతమే." అంతే. ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఏ లాయరూ ఏ కాగితమూ ఇవ్వలేదు. బండి దిగిన పావుగంటకల్లా చేతికి సూది, సూదికి మందు. లోర్నా ఆ గది మూల నిలబడి, ఇంత మామూలుగా జరిగే పనా ఇది అని నివ్వెరపోయింది. ఆ వెంటనే ఆమెకి చెప్పలేనంత కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

అయిదింటికి డేరిన్ వచ్చాడు. లోర్నా మెసేజ్ చూసి, పాల ఫ్యాక్టరీలో ట్యాంకరు వదిలేసి, అక్కడెవరిదో బండి అడిగి తెచ్చాడు. బూట్ల నిండా బురద. "అత్తయ్యా, ఏదీ? ఎక్కడుంది?" అన్నాడు. లోర్నా చెయ్యి చూపించింది. అతను తలుపు దాకా వెళ్ళి, బూట్లు విప్పేసి, మేజోళ్ళతో లోపలికి వెళ్ళాడు.

ఆడపిల్ల. అరచేయంత. నర్సు తెల్లటి గుడ్డలో చుట్టి మారెన్ గుండెల మీద పెట్టింది. అప్పటికి మారెన్‌కి జ్వరం నూట నాలుగు. రక్తపోటు పడిపోతోంది. ఆమె బిడ్డని చూసిందో లేదో వాళ్ళకి తెలియలేదు. కాస్సేపటికే గది నిండా మనుషులు వచ్చారు. మంచం చక్రాల మీద వేగంగా వెళ్ళిపోయింది. డేరిన్ గుడ్డలోని బిడ్డని ఎత్తుకుని అలాగే నిలబడిపోయాడు. ఎక్కడ పెట్టాలో, ఎవరికివ్వాలో తెలియక. లోర్నా అతని పక్కన నిలబడింది. ఇద్దరూ తలుపు వైపు చూస్తూ ఉండిపోయారు.

ఆ తరవాత గంటలు ఎలా గడిచాయో ఆమె ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. గోడ మీద గడియారం ఎనిమిది దాటింది. హోల్మ్ వ్యాలీలో తలుపులు మూసి, కాగితాలు లెక్క పెడుతూ ఉంటారు. ఆ సంగతి ఆమెకి ఒక్కసారి కూడా తట్టలేదు.

*

తెల్లవారాక డాక్టరు జుడిత్ వచ్చింది. రక్తపోటు నిలబడిందనీ, జ్వరం దిగుతోందనీ, గండం గడిచిందనీ చెప్పింది. "ఇంకో నాలుగైదు గంటలు ఆలస్యమైతే నేనేం చెప్పేదాన్నో తెలీదు," అంది. డేరిన్ కుర్చీలో ముందుకి వంగి, అరచేతుల్లో ముఖం దాచుకుని ఎక్కెక్కి ఏడ్చాడు.

వరండాలో టీవీ నడుస్తోంది. విస్కాన్సిన్‌లో జడ్జి కుర్చీకి నిలబడ్డ ఇద్దరిలో ఆ చట్టం వద్దనే ఆవిడ గెలిచిందట, పదకొండు శాతం తేడాతో. పాత చట్టం పోవాలన్నవాళ్ళు టీవీలో ఎగురుతున్నారు, కౌగిలించుకుంటున్నారు. కాఫీ తెచ్చిన నర్సు టీవీ కేసి చూసి కళ్ళు తుడుచుకుంది. "మాది అవతలి ఒడ్డే," అంది. "మా చెల్లెలు అక్కడే ఉంది. ఇక భయం లేదు కదండీ?"

"ఎప్పట్నుంచి?" అంది లోర్నా.

"ఆగస్టులో కుర్చీ ఎక్కుతుందట. ఆ తరవాత కేసు వినాలి కదా."

ఆగస్టు. లోర్నా టీవీలో గెంతుతున్నవాళ్ళని చూస్తూ ఉండిపోయింది. వాళ్ళ మీద ఆమెకి కోపం లేదు. సంతోషమూ ఉంది, ఎక్కడో అడుగున. కానీ దాన్ని పైకి లాగే శక్తి లేదు.

ఫోన్ మోగింది. వెండెల్.

"ఎలా ఉంది పిల్ల?"

"బతికింది. బిడ్డ పోయింది."

"ఊఁ." వెనకాల గొడ్ల అరుపు వినిపించింది. "లెక్కలన్నీ సరిపోయాయి. ఒక్క కాగితం తేడా లేదు. అది చెబుదామని చేశా. ఆదివారమే నాకొక మాట చెప్పి ఉండాల్సింది లోర్నా."

"చెబితే ఏం చేసేవారు?"

"బండి తోలేవాణ్ణి. నీ పని నేను చూసుకునేవాణ్ణి. నువ్వు నిన్న పొద్దున ఆ పిల్లని వదిలి వచ్చేదానివి కాదు."

"అది కాదు నేనడిగేది. చెబితే మీ ఓటు మార్చుకునేవారా?"

మాట తప్పించుకునే మనిషి కాదాయన. "నేను పొద్దున్నే తలుపులు తీయగానే వేసేశాను," అన్నాడు. "నిన్న సాయంత్రం నుంచీ అదే ఆలోచిస్తున్నా. మార్చుకునేవాణ్ణో లేదో నాకు తెలీదు. నీకు అబద్ధం చెప్పను."

లోర్నాకి ఆయన్ని తిట్టాలనిపించింది. పెట్రోలుందా అని అడిగింది కూడా ఈయనే అని గుర్తొచ్చింది. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో ఆమెకి అర్థం కాలేదు. మర్యాదగా ఉంటానని చెప్పి పెట్టేసింది.

*

శనివారం ఇంటికి పంపించారు. డేరిన్ బిడ్డ పెట్టెతో ముందు బండిలో వెళ్ళాడు, చర్చి వెనక పాతిపెట్టే చోటు చూడటానికి. మారెన్ తల్లి కారులో కూర్చుంది, ఈసారి ముందు సీట్లో, ఒళ్ళో ఒక కాగితం పెట్టుకుని. బిడ్డ పాదాల ముద్రలు. ఒక్కోటీ బొటనవేలి గోరంత. ఎండ కాస్తోంది. నది నిండుగా, గోధుమ రంగులో పారుతోంది.

వంతెన దాటాక మారెన్ అడిగింది. "అమ్మా, ఒకటి అడుగుతా. చెప్పాలి."

"అడుగు."

"నువ్వెప్పుడైనా వాళ్ళకి ఓటేశావా? ఈ చట్టం ఉండాలన్నవాళ్ళకి?"

ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మనిషి. బల్ల వెనక కూర్చున్నదానికి పార్టీ ఉండకూడదు. అది మంచి సాకు, ఇన్నాళ్ళూ చక్కగా పనికొచ్చింది.

"వేశాను," అంది. "ఇరవై ఏళ్ళు వేశాను. నువ్వు ఏడాది పిల్లగా ఉన్నప్పుడు సంతకం కూడా పెట్టాను, నిన్ను ఒళ్ళో పెట్టుకుని. అదంతా ఎవరి కోసమో అనుకున్నాను. నీ కోసమని అనుకోలేదు."

మారెన్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఒక ఊరు గడిచింది. ఇంకో ఊరు గడిచింది. లోర్నా క్షమించమని అడగాలనుకుంది. అడిగితే ఆ బరువు కూడా ఈ పిల్ల మీదే పెట్టినట్టవుతుందని ఊరుకుంది.

"మొన్న?" అంది మారెన్ ఎప్పటికో.

"మొన్న వెయ్యలేదు. ఎవరికీ వెయ్యలేదు. నీ దగ్గరికి వచ్చేశా."

మారెన్ నెమ్మదిగా తలూపింది. కోపం పోయిందని కాదు. ఆ కోపం చాలాకాలం ఉంటుందని లోర్నాకి ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. ఉండనీ అనుకుంది. ఆ కోపం ఉండటానికి పిల్ల బతికుంది.

చర్చి వెనక ఆ పొద్దు నలుగురే ఉన్నారు. పాస్టరు నాలుగు మాటలు చెప్పాడు. డేరిన్ తనే మట్టి వేశాడు, ఎవర్నీ వెయ్యనివ్వలేదు. మారెన్ బిడ్డ పేరు పైకి చెప్పింది. ఎలిన్. అదే మొదటిసారి ఆ పేరు లోర్నా వినడం.

సోమవారం ఆమె టౌన్ ఆఫీసుకి వెళ్ళి, ఇకమీదట పోలింగ్ బల్ల దగ్గర కూర్చోలేనని రాసిచ్చింది. ఎందుకని గుమాస్తా అడిగాడు. "మాట్లాడాలి," అంది లోర్నా. "ఇంటింటికీ పోయి మాట్లాడాలి. బల్ల వెనక కూర్చుంటే మాట్లాడనివ్వరుగా."

మొదట ఎవరింటికి వెళ్ళాలో ఆమెకి తెలుసు. పొలం గట్టు దగ్గర బండి ఆపి, బోర్డు కింద బురదలో దిగి, వెండెల్ ఇంటి వైపు నడిచింది. ఏం చెప్పాలో ఇంకా తెలీదు. ఆయన పాకలోంచి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఆమెని చూసి, "కాఫీ పెట్టనా?" అన్నాడు.

"పెట్టండి," అంది లోర్నా. "చాలాసేపు పడుతుంది."